మీట ఇంట్లో, జాబితా ఆఫీసులో

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఛాన్సలర్ పదవికి ఎన్నిక జరిగితే ఓటర్లు ప్రధానంగా అక్కడ చదివి డిగ్రీ తీసుకున్నవాళ్లే. 2003లో క్రిస్ ప్యాటెన్ ఎన్నికైన రోజుల్లో ఓటు వేయాలంటే మనిషి స్వయంగా ఆక్స్‌ఫర్డ్ వెళ్లాలి, గౌను తొడుక్కుని వరుసలో నిలబడాలి. హైదరాబాద్‌లోనో సింగపూర్‌లోనో స్థిరపడిన పూర్వ విద్యార్థికి ఆ హక్కు కాగితం మీద మాత్రమే ఉండేది. ఆ ఏడాది ఓటేసినవాళ్లు ఎనిమిది వేల చిల్లర. 2024 నవంబరులో విలియం హేగ్ గెలిచినప్పుడు గౌనూ అక్కర్లేకపోయింది, ప్రయాణమూ అక్కర్లేకపోయింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చునో, రాత్రి భోజనాలయ్యాక ఫోను చేతిలో పట్టుకునో ఓటు వేసేశారు. చివరి రౌండులో హేగ్‌కు 12,609 ఓట్లు, రెండో స్థానంలో ఉన్న ఎలిష్ ఆంజియోలినీకి 11,006 ఓట్లు వచ్చాయి.

ఎన్నికలు ఆధునికమయ్యాయని చెప్పుకోవడానికి ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఆన్‌లైన్ ఓటింగును తెచ్చిన నిబంధనల సవరణలోనే ఇంకో మార్పు కూడా ఉంది. పోటీకి ఎవరు అర్హులో ముందుగా పరిశీలించే ఒక ఎన్నికల కమిటీని 2024 మార్చిలో విశ్వవిద్యాలయం ప్రతిపాదించింది. ఇది అభ్యర్థులను వడకట్టే ఏర్పాటు అంటూ పత్రికల్లోనూ పార్లమెంటులోనూ గొడవ లేచింది. దాంతో కమిటీ అధికారాన్ని బాగా తగ్గించారు. చట్టసభల్లో ఉన్నవారు, విశ్వవిద్యాలయ ఉద్యోగులు, విద్యార్థులు పోటీ చేయకూడదన్న తరహా నియమాలే మిగిలాయి. చివరికి 38 మంది బరిలో నిలిచారు. జైల్లో ఉన్న పాకిస్తాన్ మాజీ ప్రధాని ఇమ్రాన్ ఖాన్ దరఖాస్తు మాత్రం తిరస్కరణకు గురైంది.

ఓటు వేయడం సులువైన సమయంలోనే పోటీ చేయడం కష్టం చేయాలనే ఆలోచన రావడం ఆక్స్‌ఫర్డ్‌లో మొదటిసారి జరిగింది కాదు. అమెరికాలోని పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయాల చరిత్ర చూస్తే గత ఇరవై ఏళ్లలో ఇదే వరస కనిపిస్తుంది. పోస్టు, ఈమెయిల్, వెబ్‌సైట్, ఫోను ఒకదాని తర్వాత ఒకటిగా ఇంట్లోకి వచ్చాయి. వాటితోపాటు పూర్వ విద్యార్థి ఓటూ ఇంటికి వచ్చింది. కొత్త సాధనంతో బయటి అభ్యర్థులు గెలిచినచోట, ఆ తర్వాత కొద్ది కాలంలోనే యాజమాన్యం నామినేషన్ నిబంధనలకో, బోర్డులో సీట్ల లెక్కకో మరమ్మతు చేసుకుంది.

అసలు పూర్వ విద్యార్థులకు పాలనలో ఓటెందుకు అనే ప్రశ్న మనకు సహజంగానే వస్తుంది. మన దగ్గర ఆ అలవాటు దాదాపు పోయింది కాబట్టి. అమెరికాలో దీని మూలం ప్రభుత్వం పక్కకు తప్పుకోవడంలో ఉంది. హార్వర్డ్‌లో ఓవర్సీర్లనే పెద్ద మండలిని ఒకప్పుడు మసాచుసెట్స్ శాసనసభ ఎంపిక చేసేది. 1865లో చేసిన చట్టంతో ఆ హక్కు పూర్వ విద్యార్థులకు వచ్చింది. యేల్‌లో 1872 దాకా కనెక్టికట్ రాష్ట్ర సెనేటర్లు ఆరుగురు పాలకమండలిలో కూర్చునేవారు. వాళ్ల స్థానంలో పూర్వ విద్యార్థులు ఎన్నుకున్న ఆరుగురు వచ్చారు. న్యూహాంప్‌షైర్‌లోని డార్ట్‌మత్ కాలేజీలో 1891లో ఒక ఒప్పందం కుదిరింది. కాలేజీకి డబ్బు కావాలి, డబ్బిచ్చేవాళ్లకు బోర్డులో గొంతు కావాలి. ప్రభుత్వ సొమ్ము తగ్గి చందాల సొమ్ము పెరిగినచోట ఓటు కూడా చందాదారుల వైపు జరిగిందన్నమాట. ఇందులో ఆదర్శం కొంత ఉంటే బేరం ఎక్కువ.

చాలా కాలం ఈ ఓటు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. పూర్వ విద్యార్థుల సంఘంలోని నామినేషన్ కమిటీ కొందరు పెద్దమనుషుల పేర్లు ఇస్తుంది. పోస్టులో బ్యాలెట్ వస్తుంది. ఒక్కొక్కరి ఫొటో, చదివిన సంవత్సరం, చేసిన ఉద్యోగాలు, నాలుగు మంచి మాటలు ఉంటాయి. ఎవరు గెలిచినా పెద్ద తేడా ఉండదు. ఆ జాబితాలో లేనివారికి ఒక దారి ఉండేది. నిర్ణీత సంఖ్యలో పూర్వ విద్యార్థుల సంతకాలు సేకరిస్తే పేరు బ్యాలెట్‌లోకి ఎక్కుతుంది. ఇలా వచ్చినవారిని పిటిషన్ అభ్యర్థులు అంటారు. 1965లో యేల్ పాలకమండలిలో మొదటి యూదు సభ్యుడైన విలియం హోరోవిట్జ్ వచ్చింది ఈ దారినే. 1989లో హార్వర్డ్ ఓవర్సీర్‌గా ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు గెలిచిందీ ఈ దారినే. దక్షిణాఫ్రికాతో వ్యాపారం చేసే కంపెనీల్లో హార్వర్డ్ పెట్టుబడులు ఉండకూడదని పోరాడుతున్న పూర్వ విద్యార్థులు ఆయన్ను నిలబెట్టారు. కమిటీలు తమంతట తాము ఆ పేర్లు రాసేవా అంటే అనుమానమే.

సంతకాల దారి పోస్టు యుగంలో ఇరుకుగా ఉండటానికి కారణం సాంకేతికమే. దేశమంతా చెదిరిపోయిన పట్టభద్రుల చిరునామాలు కాలేజీ దగ్గర ఉంటాయి, అభ్యర్థి దగ్గర ఉండవు. ఉత్తరాల ఖర్చు సొంతంగా పెట్టుకోవాలి. ప్రతి ఇంటికీ చేరే పూర్వ విద్యార్థుల పత్రిక కాలేజీ నీడలోనే నడుస్తుంది. అంటే ఓటర్లతో మాట్లాడే సాధనం మొత్తం ఒక పక్షం చేతిలోనే ఉండేది. ఇంటర్నెట్ ఇళ్లలోకి వచ్చేదాకా ఈ లెక్క పెద్దగా మారలేదు.

మొదట మారింది డార్ట్‌మత్‌లో. ఇందులో చిన్న చమత్కారం ఉంది. 1980ల్లో ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లను తెరవగానే పలకరించిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష పుట్టింది డార్ట్‌మత్‌లోనే, 1964లో. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన జాన్ కెమెనీ తర్వాత అదే కాలేజీకి అధ్యక్షుడయ్యాడు. 1980ల చివరికే ఆ క్యాంపస్‌కు బ్లిట్జ్‌మెయిల్ అని సొంత ఈమెయిల్ వ్యవస్థ ఉండేది. మిగతా దేశం కన్నా ముందే ఆ విద్యార్థులకు ఈమెయిల్ రోజువారీ అలవాటైంది. అలాంటివాళ్లు పట్టా తీసుకుని బయటికి వచ్చి, ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నాక, కాలేజీ పత్రిక చెప్పిందే వేదమని ఊరుకోలేదు.

డార్ట్‌మత్ బోర్డులో అప్పట్లో 18 మంది. ఎనిమిది మందిని బోర్డే ఎంచుకుంటుంది, ఎనిమిది మందిని పూర్వ విద్యార్థులు ఎన్నుకుంటారు. కాలేజీ అధ్యక్షుడు, రాష్ట్ర గవర్నరు హోదా రీత్యా సభ్యులు. అయిదు వందల సంతకాలు తెస్తే పిటిషన్ అభ్యర్థి కావచ్చు. 2004లో సైప్రస్ సెమికండక్టర్ కంపెనీ వ్యవస్థాపకుడు టి.జె. రోజర్స్ ఈ దారిలో నిలబడి గెలిచాడు. 2005లో ఒకేసారి ఇద్దరు గెలిచారు. ఒకరు రీగన్‌కు ఉపన్యాసాలు రాసిన పీటర్ రాబిన్సన్, రెండోవారు న్యాయశాస్త్ర ఆచార్యుడు టాడ్ జివికీ. 2007లో మరో న్యాయశాస్త్ర ఆచార్యుడు స్టీఫెన్ స్మిత్ వచ్చాడు. నాలుగేళ్లలో నాలుగు సీట్లు. వీళ్లలో ఎక్కువమంది రైట్‌వింగ్ భావాలవాళ్లు కాబట్టి బయట దీన్ని రాజకీయ దాడిగా చూశారు. వాళ్లు లేవనెత్తిన విషయాలు మాత్రం తరగతి గదుల రద్దీ, భావప్రకటన స్వేచ్ఛ, అధికారుల సంఖ్య పెరగడం లాంటివి. ఇంట్లో కూర్చుని వాళ్ల వెబ్‌సైట్లు చదివిన సాధారణ పట్టభద్రుడికి అవి బాగానే ఎక్కాయి.

ఓటింగు పద్ధతి కూడా వాళ్లకు కలిసొచ్చింది. డార్ట్‌మత్‌లో ఆమోద ఓటింగు ఉండేది. ఒకే సీటుకు నలుగురు పోటీలో ఉంటే, నచ్చిన ఎంతమందికైనా టిక్కు పెట్టవచ్చు. కాగితం మీద చూస్తే ఇది కమిటీ అభ్యర్థులకే లాభం. కమిటీ అంటే నమ్మకం ఉన్నవాళ్లు ముగ్గురికీ టిక్కు పెడితే సరిపోతుంది. కానీ జనం అలా చేయరు. తమకు తెలిసిన ఒక్కరికే పెట్టి ఊరుకుంటారు. పిటిషన్ అభ్యర్థి వెనుక ఉన్నవాళ్లు మాత్రం ఆ ఒక్క పేరు కోసమే వస్తారు. దాంతో ఒకవైపు ఓట్లు మూడు ముక్కలవుతుంటే, రెండోవైపు అన్నీ ఒకేచోట పడ్డాయి.

యాజమాన్యం వైపువాళ్లు ఊరుకోలేదు. 2006లో పూర్వ విద్యార్థుల సంఘానికి కొత్త రాజ్యాంగం ప్రతిపాదించారు. అందులోని అసలు కీలకం తేదీల్లో ఉంది. అప్పటిదాకా కమిటీ అభ్యర్థుల పేర్లు బయటికి వచ్చాక, వాళ్లను చూసి పిటిషన్ వేయవచ్చు. కొత్త పద్ధతిలో పిటిషన్ వేసేవాళ్లు ముందే బయటపడాలి, ఆ తర్వాత కమిటీ తీరిగ్గా తన మనుషులను ఎంచుకుంటుంది. మూడింట రెండొంతుల ఓట్లు కావలసిన ఆ ప్రతిపాదనకు సగం కూడా రాలేదు. ఓటర్లు పసిగట్టేశారు. అంత పొడవైన నియమావళిలో ఈ తేదీల మెలికను పట్టుకుని ఇంటింటికీ చేర్చింది ఈమెయిళ్లు, వ్యక్తిగత వెబ్‌సైట్లే. పోస్టు రోజులైతే అది ఎవరి కంటా పడేది కాదు.

ఓటర్లు కాదన్నాక బోర్డు ఓటర్లను అడగడం మానేసింది. 2007 సెప్టెంబరులో తాను నియమించుకునే సీట్లను ఎనిమిది పెంచుకుంది. మొత్తం 18 కాస్తా 26 అయింది. పూర్వ విద్యార్థుల ఎనిమిది సీట్లు అలాగే ఉన్నాయి, ఒక్కటీ తీయలేదు. కాకపోతే సగానికి సగం ఉన్న వాటా మూడో వంతుకు పడిపోయింది. పాలనలో ఇంత శుభ్రమైన ఎత్తుగడ అరుదు. 1891 ఒప్పందాన్ని ఉల్లంఘించారంటూ పూర్వ విద్యార్థుల సంఘమే కోర్టుకెక్కింది. కేసు కొట్టేయమన్న కాలేజీ వాదనను న్యాయమూర్తి 2008 ఫిబ్రవరిలో ఒప్పుకోలేదు. అప్పుడు పోరాటం కోర్టు నుంచి సంఘం ఎన్నికలకు మారింది. 2008 వేసవిలో కొత్త కార్యవర్గం గెలిచి, కేసు వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాది ఆమోద ఓటింగు కూడా పోయింది. ఈసారి ఓటర్లే భారీ మెజారిటీతో దాన్ని తీసేశారు. జివికీకి రెండో విడత అవకాశం ఇవ్వడానికి బోర్డు నిరాకరించింది. 1891 ఒప్పందానికి ఉన్న విలువెంతో కోర్టు తేల్చాల్సిన అవసరం లేకుండానే కథ ముగిసిపోయింది.

ఇక్కడ అవతలి పక్షం వాదన కూడా న్యాయంగా చెప్పుకోవాలి. పాలకమండలి సభ్యుడి పని చట్టసభ సభ్యుడి పని లాంటిది కాదు. నిధి పెట్టుబడులు, అధ్యక్షుడి ఎంపిక, భవనాల అప్పులు, వైద్య కళాశాల లెక్కలు చూడాలి. ఒకే అంశం మీద గెలిచి వచ్చినవాడు మిగతా విషయాల్లో ఉపయోగపడతాడన్న నమ్మకం లేదు. బయటి డబ్బుతో ప్రచారం జరిగితే, డబ్బున్న గుంపు ఏది చెబితే అది బోర్డు ఎజెండా అయిపోతుంది. పైగా ఓటేసేవాళ్లు మొత్తం పూర్వ విద్యార్థుల్లో కొద్ది భాగమే. ఈ అభ్యంతరాలన్నీ నిజమైనవే. అయితే ఇవి కమిటీ అభ్యర్థులకు కూడా వర్తిస్తాయి. వాళ్లలో చాలామంది పెద్ద చందాదారులు, వాళ్లను ఎన్నుకున్నదీ అదే కొద్ది భాగం ఓటర్లు. ఆ మాట మాత్రం అధికారిక ప్రకటనల్లో కనిపించదు.

హార్వర్డ్‌లో ఓటును సులువు చేసేదీ, పోటీని కష్టం చేసేదీ, రెండు మార్పులూ ఒకే ప్రకటనలో వచ్చాయి. 2016లో రాన్ ఉంజ్, వినియోగదారుల హక్కుల నాయకుడు రాల్ఫ్ నాడర్ తదితరులు కలిసి ట్యూషన్ ఫీజు రద్దు చేయాలన్న నినాదంతో ఓవర్సీర్ల ఎన్నికల్లో నిలబడ్డారు. అయిదుగురూ ఓడిపోయారు. అదే ఏడాది హార్వర్డ్ కొత్త నియమాలు తెచ్చింది. ఆన్‌లైన్ ఓటింగు మొదలుపెడతామంది. పిటిషన్‌కు కావలసిన సంతకాలు సుమారు రెండు వందల నుంచి మొత్తం ఓటర్లలో ఒక శాతానికి పెంచింది. అంటే రెండున్నర వేలకు పైగా. వివరణ తర్కబద్ధంగానే ఉంది. సంతకాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో సేకరించవచ్చు కాబట్టి సంఖ్య పెరగడం సబబేనట. సాంకేతికత వల్ల అభ్యర్థికి మిగిలిన శ్రమను నిబంధన మళ్లీ వసూలు చేసుకుంది.

ఆ మెట్టునూ ఎక్కినవాళ్లున్నారు. 2020లో, కోవిడ్ కారణంగా వేసవికి వాయిదా పడిన ఎన్నికల్లో, హార్వర్డ్ ఫార్వర్డ్ అనే బృందం అయిదుగురిని నిలబెట్టింది. వాతావరణ మార్పు, చమురు బొగ్గు కంపెనీల్లో పెట్టుబడులు, యువ పట్టభద్రులకు బోర్డులో చోటు వాళ్ల అంశాలు. అందరూ ఇళ్లలో తెరలకు అతుక్కుపోయిన కాలం అది. ప్రచారం మొత్తం ఫోన్లలో, జూమ్ కాల్స్‌లో నడిచింది. అయిదుగురిలో ముగ్గురు గెలిచారు. వాళ్లలో మార్గరెట్ పర్స్ అనే ఫుట్‌బాల్ క్రీడాకారిణి కూడా ఉంది. ఫలితాలు ఆగస్టులో వచ్చాయి. సెప్టెంబరు దాటకుండానే మరో నిబంధన వచ్చింది: ముప్ఫై మంది ఓవర్సీర్లలో పిటిషన్ దారిలో వచ్చినవాళ్లు ఏ సమయంలోనూ ఆరుగురికి మించకూడదు. ఎంతమంది ఓటేసినా ఏడో మనిషికి కుర్చీ లేదు. 2021 సెప్టెంబరులో శిలాజ ఇంధనాల్లో కొత్తగా పెట్టుబడి పెట్టే ఉద్దేశం లేదని హార్వర్డ్ ప్రకటించింది. ఆ నిర్ణయం వెనుక ఏళ్ల తరబడి సాగిన విద్యార్థి ఉద్యమాలూ ఉన్నాయి. కాబట్టి ఎన్నికలకే ఘనత ఇవ్వలేం. ఎన్నికలు అసలు పనిచేయలేదని చెప్పడమూ కుదరదు.

2024లో గాలి అటునుంచి వీచింది. గాజా యుద్ధం మీద క్యాంపస్‌లో జరిగిన నిరసనలను, యూదు వ్యతిరేకతను యాజమాన్యం సరిగా ఎదుర్కోలేదని కోపంగా ఉన్న పూర్వ విద్యార్థులు పిటిషన్ వేశారు. పెట్టుబడిదారు బిల్ ఆక్‌మన్ కొందరికి, మార్క్ జుకర్‌బర్గ్ మరొకరికి మద్దతుగా నిలిచారు. డబ్బుకు లోటు లేదు, సోషల్ మీడియా బలానికి అంతకన్నా లోటు లేదు. అయినా మూడు వేల రెండు వందల పైచిలుకు సంతకాలు ఎవరికీ పూర్తిగా రాలేదు. సంతకం పెట్టాలంటే హార్వర్డ్ పోర్టల్‌లో పూర్వ విద్యార్థి ఖాతాతో లాగిన్ కావాలి. చదువు ముగిసి ఇరవై ఏళ్లయిన మనిషికి ఆ పాస్‌వర్డ్ గుర్తుండదు, అప్పుడిచ్చిన ఈమెయిల్ ఇప్పుడు వాడుకలో ఉండదు. ఆ ప్రక్రియే తమను దెబ్బతీసిందని అభ్యర్థులు వాపోయారు. మరిచిపోయిన పాస్‌వర్డ్ ముందు కోటీశ్వరుల మద్దతు పనిచేయలేదు.

యేల్ ఇంత నాజూకుగా వ్యవహరించలేదు. 2021లో నాక్స్‌విల్ మాజీ మేయరు, పోలండ్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన విక్టర్ యాష్ అవసరమైన నాలుగు వేల నాలుగు వందల సంతకాలను దాటి, ఏడు వేలకు పైగా తెచ్చి పోటీలో నిలిచాడు. పాలకమండలి పనితీరు మరింత పారదర్శకంగా ఉండాలన్నది ఆయన ప్రధాన డిమాండు. ఓడిపోయాడు. ఫలితం వెలువడిన సమయంలోనే పిటిషన్ దారినే శాశ్వతంగా మూసేస్తున్నట్టు యేల్ ప్రకటించింది. ఒకే అంశం మీద ప్రచారం చేసేవాళ్లు, బయటి సంస్థల డబ్బు ఎక్కువవుతున్నాయని కారణం చెప్పింది. గెలిచినవాడి మీద కోపంతో దారి మూస్తే అర్థం చేసుకోవచ్చు. ఓడిపోయినవాడి మీద మూయడం విచిత్రం. 1872 చట్టాన్ని చూపిస్తూ యాష్, మరొకరు కలిసి మరుసటి ఏడాది కోర్టుకు వెళ్లారు.

ఈ కథలన్నిటిలో సాంకేతికత అంటే ఓటు వేసే మీట ఒక్కటే కాదు. దాని వెనుక మూడు వస్తువులున్నాయి. ఒకటి ఓటర్ల జాబితా, ఇప్పటి భాషలో ఈమెయిల్ జాబితా. రెండోది లాగిన్. మూడోది సందేశం ఇన్‌బాక్సులో ఎక్కడ పడుతుందన్నది. 2013లో జీమెయిల్ ఇన్‌బాక్సును ట్యాబ్‌లుగా విడగొట్టాక, ప్రచార సందేశాలు ప్రమోషన్స్ అనే అరలోకి వెళ్లిపోవడం మొదలైంది. చందా అడిగే ఉత్తరం, చీరల దుకాణం డిస్కౌంటు, బ్యాలెట్ లింకు పక్కపక్కన పడి ఉండే పరిస్థితి. విశ్వవిద్యాలయం పంపే మెయిల్‌ను తెరిచే అలవాటున్న వాళ్లు ఎక్కువగా చందాలిచ్చేవాళ్లు, క్రమం తప్పకుండా సమావేశాలకు వచ్చేవాళ్లు. ఓటు ఇంటికి వచ్చినా, తలుపు తీసేది ఎప్పుడూ తీసేవాళ్లే. అందుకే ఆన్‌లైన్ ఓటింగు వచ్చినంత మాత్రాన కొత్త ఓటర్లు వరదలా వచ్చిపడరు. వాళ్లను లేపి తీసుకురావడానికి ఏదో ఒక గొడవ కావాలి, డార్ట్‌మత్‌లో, 2020 హార్వర్డ్‌లో ఉన్నట్టు.

మన ఇళ్లలో టీవీ విషయంలో జరిగింది దీనికి దగ్గరగా ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం అమల్లోకి వచ్చినప్పుడు, ప్రేక్షకుడు తనకు కావలసిన ఛానళ్లను ఒక్కొక్కటిగా ఎంచుకోవచ్చన్నారు. హక్కు నిజంగానే ఇచ్చారు. వందల ఛానళ్ల జాబితాలో టిక్కులు పెట్టే ఓపిక ఎవరికుంది? చాలా ఇళ్లలో కేబుల్ ఆపరేటరో డీటీహెచ్ కంపెనీయో కట్టిన తెలుగు ప్యాకేజీనే తీసుకున్నారు. రిమోట్ మన చేతిలోనే ఉంది. ప్యాకేజీ ఎవరు కట్టారన్నదే చూసే కార్యక్రమాన్ని చాలావరకు నిర్ణయించింది. నామినేషన్ కమిటీ చేసేదీ ప్యాకేజీ కట్టడమే. పిటిషన్ అనేది ప్యాకేజీ బయట ఉన్న ఛానల్‌ను అడగగలిగే ఏకైక మార్గం.

ఇంతకీ మన డిగ్రీలకు ఉన్న ఓటు సంగతేమిటి? మన రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం శాసనమండలి సభ్యుల్లో పన్నెండో వంతును పట్టభద్రులు ఎన్నుకుంటారు. డిగ్రీ పూర్తయి మూడేళ్లయితే చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ మండలి ఉంది కాబట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో ఉస్మానియాలోనో చదివిన మనిషి తన పట్టాతో రాష్ట్ర చట్టసభకు సభ్యుణ్ని పంపగలడు. తాను చదివిన విశ్వవిద్యాలయ పాలకమండలికి మాత్రం ఒక్కరినీ పంపలేడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైనప్పుడు సెనేట్‌లో నమోదైన పట్టభద్రులు ఎన్నుకునే ప్రతినిధులుండేవారు. 1991 విశ్వవిద్యాలయాల చట్టం తర్వాత పాలకమండలి సభ్యుల్లో ఎక్కువమంది ప్రభుత్వం నియమించినవాళ్లే. అమెరికాలో ప్రభుత్వం కుర్చీ ఖాళీ చేస్తే పట్టభద్రుడు కూర్చున్నాడు. ఇక్కడ పట్టభద్రుడు లేచాక ప్రభుత్వం కూర్చుంది.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు ఇంకా ఇంటికి రాలేదు. ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారవుతుంది. పోయినసారి నమోదైనవాళ్లు కూడా మళ్లీ ఫారం 18 నింపాలి. బూత్‌కు వెళ్లి, అక్కడ ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే ప్రాధాన్య క్రమం అంకెల్లో రాయాలి. 2021లో నల్గొండ, ఖమ్మం, వరంగల్ స్థానానికి 71 మంది, హైదరాబాద్ స్థానానికి 93 మంది పోటీ చేయడంతో బ్యాలెట్ దినపత్రికంత అయింది, లెక్కింపు రోజుల తరబడి సాగింది. చదువుకున్నవాళ్ల ఎన్నికలో వేల ఓట్లు చెల్లకుండా పోవడం మీద ప్రతిసారీ జోకులు పేలతాయి. కానీ ఒక్క విషయం గమనించాలి. ఇక్కడ ఓటు వేయడం కష్టం, పోటీ చేయడం సులువు. ఆక్స్‌ఫర్డ్‌లో కమిటీ బలం తగ్గాక వచ్చిన 38 మందిని చూసి బ్రిటిష్ పత్రికలు ఆశ్చర్యపోయాయంటే, మన ఓటరు నవ్వుకుంటాడు.

పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఈ పాత పద్ధతి ఇంకా మిగిలి ఉంది. సెనేట్‌లో 15 మందిని నమోదైన పట్టభద్రులు ఎన్నుకుంటారు. 2025 అక్టోబరు చివర్లో కేంద్రం ఆ నియోజకవర్గాన్ని రద్దు చేస్తూ, సెనేట్‌ను 31 మందికి కుదిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. చండీగఢ్‌లో విద్యార్థులు రోడ్డెక్కారు, పంజాబ్‌లోని పలు పార్టీలు వాళ్లకు వంత పాడాయి. నవంబరులో నోటిఫికేషన్ వెనక్కి వెళ్లింది. పూర్వ విద్యార్థుల ఓటు కోసం ఈ దేశంలో ఇటీవల జరిగిన పెద్ద గొడవ ఇదే. తెలుగు రాష్ట్రాల్లో ఆ వార్తను పెద్దగా పట్టించుకోలేదు. పోగొట్టుకోవడానికి మన దగ్గర ఆ ఓటు లేదు కదా.

మన దగ్గర పూర్వ విద్యార్థుల సంఘాలు మాత్రం లెక్కలేనన్ని ఉన్నాయి. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ సంస్థ ఇచ్చే గుర్తింపులో కాలేజీకి పూర్వ విద్యార్థుల తోడ్పాటు కింద మార్కులున్నాయి. సంఘం రిజిస్టరైందా, ఆర్థికంగా ఏమి చేసింది అని అడుగుతారు. అందుకే చాలా డిగ్రీ కాలేజీల్లో 2001 సొసైటీల చట్టం కింద నమోదైన సంఘం ఒకటి ఉంటుంది. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వడం చట్టం ప్రకారం తప్పనిసరి. చాలాచోట్ల ఇవి న్యాక్ బృందం వచ్చే ఏడాదికే గుర్తొస్తాయి.

అసలు కదలిక ఉండేది వాట్సాప్ గ్రూపుల్లో. పదో తరగతి బ్యాచ్ నుంచి ఇంజనీరింగ్ దాకా ఒక్కొక్క బ్యాచ్‌కు ఒక గ్రూపు. ఆత్మీయ సమ్మేళనాలు, పాత మాస్టారి వైద్యానికి చందాలు, పాఠశాలకు బెంచీలు అన్నీ అక్కడే తేలతాయి. ఇలా బ్యాచ్‌ల వారీగా విడిపోవడానికి స్నేహం ఒక కారణమైతే, గ్రూపు పరిమితి ఇంకొకటి. చాలా ఏళ్లు 256 మందే పట్టేవాళ్లు. 2022లో 512కి, తర్వాత 1,024కి పెరిగింది. వేల మంది చదివిన కాలేజీ మొత్తం ఒకే గ్రూపులో చేరి మాట్లాడుకోవడం కుదరలేదు. 2018లో అడ్మిన్లు మాత్రమే సందేశం పెట్టగలిగే సెట్టింగ్ వచ్చింది. దాంతో గుడ్‌మార్నింగ్ ఫొటోల బెడద తగ్గింది. చందాల లెక్క అడిగే గొంతు కూడా దాంతోపాటే ఆగిపోయిన గ్రూపులు లేకపోలేదు.

గ్రూపు పరిమితి పెరిగిన 2022లోనే వాట్సాప్‌లో పోల్స్ వచ్చాయి. సమ్మేళనం ఏ తేదీన, ఏ ఫంక్షన్ హాల్లో అని తేల్చుకోవడానికి ఇవి చక్కగా సరిపోతాయి. అధ్యక్షుడెవరన్నదీ కొన్నిచోట్ల వీటితోనే తేల్చేస్తున్నారు. ఇబ్బంది అక్కడుంది. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి పేరు మొదటి వరుసలో ఉంటే, దాని కింద ఉన్న పేరుకు నొక్కడానికి మొహమాటం అడ్డొస్తుంది. నొక్కకుండా ఉంటే అదీ తెలిసిపోతుంది. రహస్య బ్యాలెట్‌కు ఉచితంగా దొరికే ఫారాలు చాలా ఉన్నాయి, కానీ ఆ ఫారంలో పేర్లెవరు రాయాలి, ఎన్ని రోజుల ముందు ప్రకటించాలి, ఎంతమంది సభ్యులు అడిగితే కొత్త పేరు చేర్చాలి అన్నవి ఏ యాప్‌లోనూ దొరకవు. అవి సంఘం బైలాస్‌లో ఉండాలి. రిజిస్ట్రేషన్ కోసం ఎవరి దగ్గరో తీసుకున్న నమూనా బైలాస్‌లో కార్యవర్గాన్ని సర్వసభ్య సమావేశం ఎన్నుకుంటుందని ఒక్క వాక్యం ఉంటుంది, నామినేషన్ ఊసు ఉండదు. దాన్ని సవరించాలంటే సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం కావాలి. ఆ సమావేశానికి ఎవరెవరిని పిలవాలో తెలియాలంటే ముందు సభ్యుల రిజిస్టరు కావాలి. చాలా సంఘాల్లో ఆ రిజిస్టరు ఇప్పటికీ కాలేజీ ఆఫీసు బీరువాలోనే ఉంటుంది.